ఫిజిక్స్ వాళ్లకు 5 సిగ్మా, డాక్టర్లకు 0.05: ఏ ఫలితాన్ని ఎప్పుడు నమ్మాలి?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. చర్మం మీద అతికించే ఒక కాంతి సెన్సర్‌ను తయారు చేసే పరిశోధక బృందంలో మీరు కొత్తగా చేరారు. అందులో ఫిజిక్స్ వాళ్లు, బయాలజీ వాళ్లు, డాక్టర్లు, ఇంజినీర్లు అందరూ ఉన్నారు. ఒకే గ్రాఫ్ చూపిస్తే ఒకరు "ఇది సరిపోదు" అంటారు, ఒకరు "పేపర్ రాసేద్దాం" అంటారు, ఇంకొకరు "మరికొన్ని పీసులు పాడయ్యేదాకా నడిపి చూద్దాం" అంటారు. ఫిజిక్స్‌లో 5 సిగ్మా కావాలట, వైద్యంలో పీ విలువ (అసలు ప్రభావమేమీ లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా అంత తేడా కనబడే అవకాశం) 0.05 కంటే తగ్గితే చాలట. ఎవరి ప్రమాణం సరైనది, ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఈ నాలుగు రంగాల వాళ్ల కొలతలూ లెక్కలూ సరిచూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి ఈ గొడవ నాకు బాగా తెలుసు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ప్రతి రంగమూ తాను ఎక్కడెక్కడ మోసపోయిందో గుర్తుపెట్టుకుని, మళ్లీ అలా జరగకుండా నియమాలు పెట్టుకుంది. ఫిజిక్స్‌ను మోసం చేసేవి వేరు, వైద్యాన్ని మోసం చేసేవి వేరు. అందుకే రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి ఏది కఠినమో చూస్తే ఏమీ తేలదు. మీ డేటా మిమ్మల్ని ఏ దారిన మోసం చేయగలదో చూడండి. ఆ దారి ఏ రంగానికి బాగా తెలుసో, ఆ విషయంలో ఆ రంగం వాళ్ల మాట వినండి.

5 సిగ్మాతో మొదలుపెడదాం. సిగ్మా అంటే కొలతల్లో మామూలుగా ఉండే ఒడిదుడుకుల కొలమానం; సంకేతం దానికి ఎన్ని రెట్లుందో ఈ అంకె చెప్తుంది. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. "ఈ ఫలితం తప్పయ్యే అవకాశం 35 లక్షల్లో ఒకటి" అని దానికి అర్థం కాదు. కొత్త కణం లాంటిదేమీ లేకపోయినా, కేవలం గణాంకాల ఒడిదుడుకుల వల్ల అంత పెద్ద సంకేతం కనబడే అవకాశం దాదాపు 35 లక్షల్లో ఒకటి అని అర్థం. ఆ గీత, అంటే నమ్మడానికి దాటాల్సిన హద్దు, అంత ఎత్తున ఎందుకుందంటే, కణ భౌతికశాస్త్రంలో ఒకేసారి వేల చోట్ల వెతుకుతారు. అన్నిచోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట యాదృచ్ఛికంగా గ్రాఫ్‌లో ఒక గుట్ట లేచి తీరుతుంది. 2015 డిసెంబరులో యూరప్ కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు రెండింటిలోనూ 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల ద్రవ్యరాశిని చెప్పే ప్రమాణం) దగ్గర అలాంటి గుట్టే కనబడింది. దాన్ని వివరిస్తూ వందలకొద్దీ సిద్ధాంత పత్రాలు వచ్చాయి. మరింత డేటా చేరేసరికి 2016 ఆగస్టుకల్లా అది మాయమైంది. దానికి ముందు, 2012 జులై 4న ప్రకటించిన హిగ్స్ బోసాన్ అనే కణం అలా మాయం కాలేదు. రెండు డిటెక్టర్లూ విడివిడిగా, సుమారు 125 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే, 5 సిగ్మా స్థాయిలో దాన్ని చూశాయి.

అయితే సిగ్మా ఎంత పెద్దదైనా ఒక రకం తప్పు నుంచి అది కాపాడలేదు. 2011 సెప్టెంబరులో ఒపేరా బృందం ఒక ఫలితం ప్రకటించింది. సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాల దాకా, అంటే సుమారు 730 కిలోమీటర్లు, ప్రయాణించిన న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు ముందుగా చేరాయన్నది దాని సారాంశం. గణాంకాల పరంగా అది 6 సిగ్మా ఫలితం. చివరికి తేలిందేమిటంటే, జీపీఎస్ సమయాన్ని కంప్యూటర్‌కు తెచ్చే ఆప్టికల్ ఫైబర్ కేబుల్ కనెక్టర్ పూర్తిగా బిగించి లేదు. దాంతోపాటు ఒక గడియారం వేగంలోనూ చిన్న తేడా ఉంది. 2012లో అదే ప్రయోగశాలలోని ఇకారస్ అనే మరో ప్రయోగం కొలిచి, న్యూట్రినోలు కాంతి వేగాన్ని మించడం లేదని చెప్పింది.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. ఆ బృందం అజాగ్రత్తగా పనిచేసింది కాదు. తమకు తెలిసిన అనిశ్చితులన్నీ లెక్కలోకి తీసుకుంది. "మాకు కారణం దొరకడం లేదు, మీరూ చూడండి" అని లోకాన్ని అడిగింది కూడా. కానీ సిగ్మా మనం జాబితాలో రాసుకున్న అనిశ్చితినే కొలుస్తుంది. జాబితాలోకి ఎక్కని కేబుల్ దానికి కనబడదు. పైగా డేటా పెంచే కొద్దీ సిగ్మా పెరుగుతూనే ఉంటుంది, కేబుల్ మాత్రం వదులుగానే ఉంటుంది. మీ సెన్సర్ ఒక్కోసారి లక్షల రీడింగులు ఇస్తుంది. లక్ష రీడింగుల సగటులో యాదృచ్ఛిక దోషం దాదాపు సున్నాకు చేరుతుంది, సెన్సర్ వంకరగా అతికించిన దోషం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అందుకే మీ గ్రూపులో ఫిజిక్స్ ఆయన రెండో సెన్సర్‌తో, వేరే డిజైన్‌తో మళ్లీ కొలవమని పట్టుబడుతుంటే ఆయన అడిగేది న్యాయమే.

ఫిజిక్స్ నుంచి మీరు నేర్చుకోవాల్సింది ఆ అంకె కంటే ఎక్కువగా ఇంకో అలవాటు. గురుత్వ తరంగాల (స్థలకాలంలో పుట్టే అలల) కోసం వెతికే లైగో ప్రయోగంలో 2010 సెప్టెంబరులో ఒక నకిలీ సంకేతాన్ని రహస్యంగా డేటాలోకి చొప్పించారు. కొద్దిమందికి తప్ప ఎవరికీ తెలియదు. బృందమంతా దాన్ని నిజమైన సంకేతంలాగే నెలల తరబడి విశ్లేషించి, పేపర్ కూడా సిద్ధం చేసుకున్నాక, 2011 మార్చిలో అది నకిలీదని చెప్పారు. అంత శ్రమ ఎందుకంటే, నిజమైన సంకేతం వచ్చినప్పుడు తాము దాన్ని పట్టగలరో లేదో, లేనిపోనిది ఊహించుకుంటారో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. 2015 సెప్టెంబరు 14న అసలు సంకేతం దాదాపు 3,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు డిటెక్టర్లలో సుమారు 7 మిల్లీసెకన్ల తేడాతో కనబడినప్పుడు, అది ఇలా చొప్పించినది కాదని కూడా వాళ్లు నిర్ధారించుకోవాల్సి వచ్చింది. ఈ పద్ధతి మీ బృందం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. విశ్లేషణ చేసే మనిషికి చెప్పకుండా కొన్ని నకిలీ రికార్డులు కలిపి ఇవ్వండి.

ఇక వైద్యం. "0.05 చాలంటారు" అని మీరు విన్నది సగం మాటే. డాక్టర్లు నిజంగా నమ్మకం పెట్టుకునేది పీ విలువ మీద కాదు, ట్రయల్ ఎలా నడిపారన్న దాని మీద. వైద్యంలో మోసం ఎక్కువగా వచ్చేది ఎవరికి మందు ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అన్న చోట. కాస్త బాగున్న రోగికి కొత్త మందు ఇవ్వాలనిపించడం సహజం. అలా ఇచ్చాక వచ్చిన పీ విలువ 0.0001 అయినా దానికి అర్థం లేదు. 1948లో బ్రిటన్‌లో ప్రచురించిన స్ట్రెప్టోమైసిన్ క్షయ ట్రయల్‌లో ఎవరికి ఏ చికిత్స అన్నది సీలు వేసిన కవర్లలో పెట్టింది ఇందుకే. 107 మంది రోగుల్లో 55 మందికి మందు, పడక విశ్రాంతి రెండూ ఇచ్చారు, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలల్లో మొదటి గ్రూపులో నలుగురు, రెండో గ్రూపులో 14 మంది చనిపోయారు. రోగుల సంఖ్య చిన్నదే. కేటాయింపు మాత్రం ఎవరి ఇష్టానికీ వదల్లేదు కాబట్టి ఆ తేడాకు బలం వచ్చింది.

దీనికంటే ముఖ్యమైన పాఠం గుండె మందులది. మీ బృందంలో డాక్టర్లు ఎందుకంత మొండిగా ఉంటారో దీనితో అర్థమవుతుంది. గుండెపోటు నుంచి కోలుకున్న వాళ్లలో మధ్యమధ్య అదనపు గుండె కొట్టుకోళ్లు కనబడితే, హఠాత్తుగా చనిపోయే ముప్పు ఎక్కువని పరిశీలనల్లో తేలింది. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ అదనపు కొట్టుకోళ్లను చక్కగా అణచివేస్తాయి. ఈసీజీలో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ముప్పు తెలుసు, అది ఎలా జరుగుతుందో తెలుసు, మందు దాన్ని తగ్గిస్తోందని కొలత చెప్తోంది. ఇంతకంటే ఏం కావాలి? చాలామంది డాక్టర్లు అప్పటికే రాసిస్తున్నారు. కాస్ట్ అనే ట్రయల్‌లో, మందు ఎవరికి పనిచేస్తోందని ముందే ఈసీజీతో తేలిందో వాళ్లనే ఎంచుకుని, సగం మందికి అదే మందు, సగం మందికి ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) ఇచ్చారు. మొత్తం 1,498 మంది. సగటున పది నెలల పరిశీలనలో మందు తీసుకున్న వాళ్లలో 63 మంది, ప్లాసిబో తీసుకున్న వాళ్లలో 26 మంది చనిపోయారు. 1989లోనే ట్రయల్‌లో ఆ మందులు ఆపేశారు, పూర్తి ఫలితాలు 1991లో వచ్చాయి.

ఆ మందు రాసిన డాక్టర్ దృష్టితో చూడండి. రోగికి గుండెపోటు వచ్చి ఉంది, ముప్పు ఉందని ముందే తెలుసు. కొన్ని నెలలకు ఆయన చనిపోతే "మందు ఇచ్చినా కాపాడుకోలేకపోయాం" అనే అనుకుంటారు తప్ప, మందే కారణమని ఎవరికి తడుతుంది? ఒక్కొక్క రోగిని విడిగా చూస్తే ఎంతటి అనుభవజ్ఞుడికైనా ఆ నిజం కనబడదు. పోల్చడానికి మరో గ్రూపు ఉంటేనే కనబడుతుంది. అందుకే మీరు "మా సెన్సర్ సిగ్నల్ మెరుగైంది" అని చెప్పినప్పుడు డాక్టర్లు "దానివల్ల రోగికి ఏమైంది?" అని అడుగుతారు. సిగ్నల్ ఒకటి, రోగి బతకడం మరొకటి. ఈ రెండింటి మధ్య దూరం ఎంత ప్రమాదకరమో వాళ్ల రంగం ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది.

వైద్యం నేర్చుకున్న ఇంకో విషయం: ఏం కొలుస్తారో ముందే బహిరంగంగా చెప్పాలి. అమెరికాలోని జాతీయ గుండె, ఊపిరితిత్తులు, రక్త సంస్థ నిధులతో జరిగిన 55 పెద్ద ట్రయల్స్‌ను 2015లో ఇద్దరు పరిశోధకులు పరిశీలించారు. 2000కు ముందు ప్రచురించిన 30లో 17 ట్రయల్స్ చికిత్స వల్ల మేలు జరిగిందన్నాయి. ఆ తర్వాతి 25లో రెండే అలా అన్నాయి. ఆ సమయంలోనే ట్రయల్‌ను ముందే రిజిస్టర్ చేసి, ప్రధాన ఫలితం ఏదో ప్రకటించే పద్ధతి వచ్చింది. ఇదొక్కటే కారణమని నిరూపించలేం కానీ, డేటా చూశాక ఏది బాగుంటే దాన్నే ప్రధాన ఫలితమనే వీలుంటే లెక్కలు ఎంత మారగలవో ఆ రెండు అంకెలు చెప్తున్నాయి.

వైద్యంలో గీత ఎక్కడ గీయాలన్నది ఆలస్యం ఖరీదును బట్టి కూడా ఉంటుంది. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ డెక్సామెథసోన్ అనే మందు ఫలితం చెప్పింది. వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల్లో మరణాలు దాదాపు మూడో వంతు, ఆక్సిజన్ మాత్రమే తీసుకుంటున్న వాళ్లలో దాదాపు ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేని వాళ్లకు మేలేమీ కనబడలేదు. మందు ఇవ్వనివాళ్లలో మరణాలు ఎక్కువని తెలిశాక కూడా 5 సిగ్మా వచ్చేదాకా ఆగుదామని ఎవరూ అనలేరు. కొత్త కణం ఇంకో ఏడాది ఆగినా ఎవరి ప్రాణమూ పోదు.

బయాలజీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మీ బృందంలో ఎక్కువ టెన్షన్ ఇక్కడినుంచే వస్తుందని నా అనుమానం. ముందు చిన్న లెక్క. మీరు 1,000 ఊహలు పరీక్షించారనుకోండి, వాటిలో 100 నిజం. మీ ప్రయోగం నిజమైన ప్రభావాన్ని 80 శాతం సార్లు పట్టగలిగితే 80 నిజాలు దొరుకుతాయి. 0.05 గీత దగ్గర మిగతా 900 తప్పుడు ఊహల్లో 45 నిజాల్లా కనబడతాయి. అంటే "దొరికింది" అన్న 125లో 45 తప్పు. జంతువుల సంఖ్య తగ్గించి, పట్టగలిగే శక్తి 20 శాతానికి పడిపోతే దొరికే నిజాలు 20, తప్పులు అవే 45. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ తప్పు లెక్క వేయలేదు. అయినా ప్రచురించిన వాటిలో మూడింట రెండు వంతులకు పైగా నిలబడవు. ఆమ్‌జెన్ కంపెనీ శాస్త్రవేత్తలు క్యాన్సర్ పరిశోధనలో పేరున్న 53 అధ్యయనాలను తిరిగి చేసి చూస్తే ఆరింటి ఫలితాలే మళ్లీ వచ్చాయని 2012లో రాసినప్పుడు చాలామంది ఉలిక్కిపడ్డారు. ఈ లెక్క వేసి చూసుకున్న వాళ్లకు అంత ఆశ్చర్యం కలగలేదు.

కానీ ఫలితం తిరిగి రాకపోతే మొదటిది తప్పే అనుకోవద్దు. అమెరికాలో రెండు ప్రయోగశాలలు, ఒకటి బర్క్‌లీలో, ఒకటి బోస్టన్‌లో, మనిషి రొమ్ము కణజాలం మీద కలిసి పనిచేశాయి. కణజాలాన్ని ఎంజైములతో విడదీసి, విడి కణాలను ఉపరితల ప్రోటీన్ల ఆధారంగా యంత్రంతో వేరు చేయాలి. కాగితం మీద ఇద్దరిదీ ఒకటే పద్ధతి. కణాల లెక్కలు మాత్రం పొంతన లేకుండా వస్తున్నాయి. యంత్రాలు, రసాయనాలు, కణజాలం ఎక్కడినుంచి వచ్చిందన్నది, ఒక్కొక్కటే సరిచూశారు. ఏడాదికి పైగా కుస్తీ పట్టాక, రెండు చోట్ల శాస్త్రవేత్తలూ ఒకే బల్ల దగ్గర పక్కపక్కన నిలబడి పనిచేసినప్పుడు తేడా దొరికింది. ఒక ప్రయోగశాలలో కణజాలాన్ని ఎంజైముతో కలిపి గట్టిగా తిప్పుతూ కొన్ని గంటల్లో ముగించేవారు. రెండో చోట మెల్లగా ఊపుతూ రాత్రంతా ఉంచేవారు. ఇద్దరికీ తమ పద్ధతి ఎంత మామూలు విషయమంటే, రాసి చెప్పాలని ఎవరికీ తోచలేదు. తిప్పే వేగం ఒకటి చేయగానే లెక్కలు కలిసిపోయాయి. 2014లో వాళ్లు ఈ అనుభవాన్నే ప్రచురించారు. నా దృష్టిలో అది చాలా కొత్త ఆవిష్కరణల కంటే విలువైన పేపర్.

ఇది అరుదైన విషయమూ కాదు. క్యాన్సర్ బయాలజీలో 193 ప్రయోగాలను తిరిగి చేయాలని ప్రణాళిక వేసుకున్న ఒక పెద్ద ప్రాజెక్టు 2021లో ఫలితాలు ప్రకటించింది. అసలు రచయితల్ని అడగకుండా, పేపర్‌లో రాసినదాన్ని బట్టే తిరిగి చేయగలిగేంత వివరం ఆ 193లో ఒక్కదానికీ లేదు. చివరికి 50 ప్రయోగాలే పూర్తయ్యాయి. దీనికి పూర్తి భిన్నంగా, 2023 జులైలో ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రత దగ్గరే సూపర్‌కండక్టర్ (కరెంటుకు నిరోధమే లేని పదార్థం) అని ఒక ప్రకటన వచ్చినప్పుడు, అది కాదని తేలడానికి నెల కూడా పట్టలేదు. దాన్ని కొలిమిలో చేసుకోవచ్చు కాబట్టి ఎన్నో ప్రయోగశాలలు వెంటనే చేసి చూశాయి. నిరోధం ఒక్కసారిగా పడిపోవడానికి కారణం అందులో మలినంగా ఉన్న కాపర్ సల్ఫైడ్ అని, అది సుమారు 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర రూపం మార్చుకుంటుందని తేలింది. ఎలుకలతో ఏళ్ల తరబడి చేసే ప్రయోగానికి అంత వేగంగా దిద్దుబాటు రాదు. అందువల్ల బయాలజీలో జాగ్రత్త అంతా ముందే పడాలి.

ఆ జాగ్రత్తల్లో ఒకదాన్ని మాత్రం మీకు గట్టిగా చెప్తాను, ఎందుకంటే నా బల్ల మీదకు వచ్చే తప్పుల్లో ఇదే ఎక్కువ. మూడు ఎలుకల నుంచి ఒక్కొక్కదానికి 200 కణాలు కొలిస్తే మీ శాంపిల్ సంఖ్య 600 కాదు, మూడు. ఒకే ఎలుక కణాలు ఒకదానికొకటి పోలి ఉంటాయి. ఒకే మనిషి చేతి నుంచి వచ్చిన పదివేల సెన్సర్ రీడింగులు కూడా ఒక్క మనిషి సమాచారమే. వాటిని విడివిడి శాంపిళ్లుగా లెక్కేసి పీ విలువ తీస్తే అది ఎంత అద్భుతంగానైనా వస్తుంది, ఏమీ చెప్పదు. మీ గ్రాఫ్ చూసి "సరిపోదు" అన్నది బయాలజీ వాళ్లయితే, ముందు ఇదే చూసుకోండి.

ఇంజినీర్ల ఆలోచన మరోలా ఉంటుంది. ఇది నిజమా అన్న ప్రశ్నకంటే, ఎప్పుడు విఫలమవుతుంది, ఎలా విఫలమవుతుంది అన్నది వాళ్లకు ముఖ్యం. దీని గురించి మాట్లాడితే కామెట్ విమానం గుర్తుకు రాకమానదు. 1954 జనవరిలో ఎల్బా దీవి దగ్గర ఒకటి, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర మరొకటి, రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలోనే విచ్ఛిన్నమై సముద్రంలో పడ్డాయి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెంచడం, తగ్గించడం అన్న చక్రాన్ని మొదటిది 1,290 సార్లు, రెండోది 900 సార్లు మాత్రమే చూశాయి. తయారీదారు పరీక్షలో మాత్రం ఆ క్యాబిన్ ముక్క దాదాపు 16,000 చక్రాలు తట్టుకుంది. పదిరెట్లకు పైగా తేడా.

కారణం పరీక్ష ముక్కలోనే ఉంది. దానిమీదే ముందుగా బలం పరీక్ష చేశారు. మామూలు ఒత్తిడికి రెట్టింపు పెట్టి, పగలలేదని నిర్ధారించుకున్నారు. ఆ తర్వాత అదే ముక్కను ఒత్తిడి చక్రాల పరీక్షకు వాడారు. రెట్టింపు ఒత్తిడి పెట్టినప్పుడు కిటికీల మూలల్లో లోహం కొద్దిగా సాగింది. ఒత్తిడి తీసేశాక చుట్టూ ఉన్న లోహం ఆ సాగిన చోటును నొక్కిపట్టింది. ఆ నొక్కుడు వల్ల తర్వాతి చక్రాల్లో అక్కడ పగులు తెరుచుకోవడం కష్టమైంది. అంటే ఆ పరీక్ష ముక్క, ప్రయాణికులను మోసిన విమానం కంటే బలమైనదిగా తయారైంది. ప్రమాదాల తర్వాత బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో ఒక పూర్తి విమానం బాడీని నీళ్ల ట్యాంకులో పెట్టి, ఒత్తిడిని పదేపదే పెంచి తగ్గించారు. అంతకుముందు అది ఎగిరినవీ కలుపుకుని 3,057 ప్రయాణాల దగ్గర కిటికీ లాంటి ఒక తెరుపు మూల నుంచి పగిలింది.

మీ సెన్సర్‌కు ఇది నేరుగా వర్తిస్తుంది. ప్రయోగశాలలో ముందు ఎన్నోసార్లు వాడి, బాగా పనిచేసినవే మిగిలిన పీసులను పట్టుకుని మన్నిక పరీక్ష చేస్తున్నారా? అలాగైతే మీరు పరీక్షిస్తున్నది రేపు రోగి చేతికి వెళ్లే సెన్సర్‌ను కాదు. చెమట, కదలిక, వదులయ్యే జిగురు, ఇవన్నీ లేని గదిలో చేసిన పరీక్షకూ అదే సమస్య. 1996 జూన్ 4న ఏరియేన్ 5 రాకెట్ ఎగిరిన నిమిషంలోపే పేలిపోయింది. ఏరియేన్ 4లో ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసిన సాఫ్ట్‌వేర్ భాగం, కొత్త రాకెట్ వేగం ఇచ్చిన పెద్ద అంకెను 16 బిట్లలో పట్టించలేకపోయింది. పాత పరిస్థితిలో పాస్ అయిన పరీక్ష కొత్త పరిస్థితికి హామీ ఇవ్వదు.

ఈ నాలుగూ ఒకచోట కలిసే ఉదాహరణ మీ పనికి దగ్గరగానే ఉంది, పల్స్ ఆక్సీమీటర్. సుమారు 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, సుమారు 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేలిలోకి పంపి, ఆక్సిజన్ పట్టిన హిమోగ్లోబిన్, పట్టని హిమోగ్లోబిన్ ఏ కాంతిని ఎంత పీల్చుకుంటున్నాయో పోలుస్తుంది. నాడి కొట్టుకున్నప్పుడు మారే భాగాన్నే తీసుకుంటే చర్మం, ఎముక లాంటి కదలనివాటి ప్రభావం పోతుందన్నది దీని వెనక ఉన్న చక్కటి ఆలోచన. జపాన్ ఇంజినీర్ తకువో అయోయాగి 1970లలో దీన్ని తయారు చేశారు. ఎన్నో ప్రాణాలు కాపాడిన పరికరం. కానీ కాంతి నిష్పత్తిని ఆక్సిజన్ శాతంగా మార్చే పట్టిక సిద్ధాంతం నుంచి వచ్చింది కాదు. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల చేత ఆక్సిజన్ తక్కువ ఉన్న గాలి పీల్పించి, రక్తనమూనాలతో సరిపోల్చి తయారు చేసుకున్నది. ఆ వాలంటీర్లు ఎవరన్నది అందులో కలిసిపోయి ఉంటుంది.

2020 డిసెంబరులో అమెరికా ఆసుపత్రుల డేటాతో వచ్చిన ఒక అధ్యయనం, ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం చూపిస్తుండగా రక్తపరీక్షలో 88 కంటే తక్కువ వచ్చిన సందర్భాలను లెక్కపెట్టింది. శ్వేతజాతి రోగుల్లో అది 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. దాదాపు మూడు రెట్లు. ఏ రంగాన్ని విడిగా అడిగినా తన వంతు పని సరిగ్గానే చేశానంటుంది. భౌతిక సూత్రం సరైనదే, సర్క్యూట్ నమ్మకమైనదే, సగటు దోషం నిబంధనల లోపలే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువైనప్పుడు ఆ పట్టిక అలాగే పనిచేస్తుందా అన్న ప్రశ్న ఎవరి బల్ల మీదా పూర్తిగా పడలేదు. నాలుగు రంగాల మధ్య సందులో పడిపోయింది. దాని భారం మోసింది రోగులు. చర్మం మీద కాంతితో పనిచేసే మీ బృందం దీన్ని మనసుకు పట్టించుకోవాలని నా మనవి.

కాబట్టి ఈ వారం మీటింగులో ఎవరి గీత పెట్టాలన్న వాదన పక్కన పెట్టండి. నలుగురినీ ఒక్కొక్క కాగితం మీద ఒకే ప్రశ్నకు జవాబు రాయమనండి: మన సెన్సర్ సరిగ్గా పనిచేయకపోయినా, ఈ గ్రాఫ్ ఇంత అందంగా ఎలా రాగలదు? ఫిజిక్స్ ఆయన బయటి వెలుతురు, డిటెక్టర్ వేడెక్కడం రాస్తారు. బయాలజీ వాళ్లు ఎంతమంది మనుషులు, ఎవరి చర్మం, ఎవరు అతికించారు అని రాస్తారు. డాక్టర్లు ఆరోగ్యవంతుల మీద చూసింది షాక్‌లో ఉండి చేతులు చల్లబడ్డ రోగికి వర్తిస్తుందా అంటారు. ఇంజినీర్లు మూడో రోజు జిగురు సంగతి అడుగుతారు. ఒక్కో అనుమానానికి దాన్ని తోసిపుచ్చగల పరీక్ష ఏదో ఎదురుగా రాసుకోండి. చేయలేని వాటిని కూడా పేపర్‌లో అలాగే ఉంచండి, తీసేయొద్దు.

ఇప్పటికే చేతిలో ఉన్న డేటాను వృథా చేయమని నేను అనను. దాన్ని ఇష్టం వచ్చినట్టు తిప్పి చూడండి, ఏ ఫిల్టర్ బాగుంది, ఏ కొలత పనికొస్తుంది, ఎక్కడ గీత పెట్టాలి అన్నవన్నీ అందులోనే తేల్చుకోండి. తేల్చుకున్నాక తేదీ వేసి రాసిపెట్టి, దాన్ని ఇంకెవరూ మార్చకుండా చూసుకోండి. తర్వాత కొత్త మనుషులతో, కొత్త పీసులతో, వీలైతే వేరే చోట వేరే చేతులతో రెండో బ్యాచ్ తీయండి. అతికించేటప్పుడు సెన్సర్‌ను ఎంత గట్టిగా నొక్కాలి, ఎన్ని నిమిషాలు ఆగి రీడింగ్ మొదలుపెట్టాలి లాంటివి కూడా రాసి ఇవ్వండి. ఏది రాయాలో తెలియకపోతే, అవతలి వాళ్లు చేస్తుండగా ఒకరోజు పక్కన నిలబడి చూడండి. ముందుగా రాసుకున్న విశ్లేషణ ఆ రెండో బ్యాచ్ మీద ఏ మార్పూ లేకుండా నడిస్తే, పీ విలువ ఎంత వచ్చిందన్నది మీ బృందంలో పెద్ద గొడవ కాదు. నడవకపోతే ఎక్కడ చూడాలో ఆ నాలుగు కాగితాల్లో ఇప్పటికే రాసి ఉంటుంది.